ఆకుపచ్చా, పసుపుపచ్చా?

రాస్తున్నావా హారికా? సరే, రాయి.

ఇది మా మనవరాలి బ్యాచి పిల్లల కోసం చెబుతున్నాను. హారిక మా అమ్మాయి కూతురు. దానికి విశాఖపట్నంలో ఉద్యోగం వచ్చింది. సర్వర్లు కులాసాగా ఉన్నాయో లేదో, నెట్‌వర్కు నడుస్తోందో లేదో తెర ముందు కూర్చుని చూసే ఉద్యోగం. "అమ్మమ్మా, నువ్వు చేసింది కూడా ఇదే పని కదా, మాకేమైనా చెప్పరాదూ" అంది. ఇదే పనే తల్లీ. రాజమండ్రిలో ఒక ప్రైవేటు ఆసుపత్రిలో సర్వరు రూము చూసేదాన్ని నేను. రిటైరయ్యే దాకా అదే రూము. ఎప్పుడు చేరాను, ఏ హోదా ఇచ్చారు, ఎంత పెంచారు, అవన్నీ ఎవరికి కావాలి? వదిలెయ్.

ఇంకో సంగతి కూడా ముందే చెప్పేస్తాను. అమలాపురంలో భ్రమరాంబ గారని ఒకావిడ ఉన్నారు. మా ఆసుపత్రికి అక్కడ బ్రాంచి ఉండేది, అందులో స్కానింగు రూములో చేసేవారు. ఆవిడకి నేనొక ఫోన్ చెయ్యాలి. రిటైరయిన దగ్గర్నుంచీ అనుకుంటూనే ఉన్నాను. ఆవిడ సొంత ఫోను నెంబరు నోటికొచ్చు. అయినా చెయ్యలేకపోతున్నాను. ఎందుకు చెయ్యలేకపోతున్నానో మా పని గురించి చెబితేగాని అర్థం కాదు. అందుకని రెండూ కలిపే చెబుతాను. నవ్వకు. రాయి.

ఆ బీరువా సంగతి

ర్యాకు సర్వరంటే కంగారు పడకండి. ఇనప బీరువాకి తలుపులు ఊడదీసేస్తే ఎలా ఉంటుందో అదీ ర్యాకు. అరల్లో పడుకోబెట్టిన పల్చటి పెట్టెలు సర్వర్లు. ముందువైపు డిస్కులుంటాయి, ఒక్కోదానికీ గోరంత లైటు. మొత్తం ఒంటికంతటికీ కలిపి ఇంకో లైటు. దాన్ని నేను ఆరోగ్యం లైటు అనేదాన్ని. వెనకవైపు కరెంటు తీసుకునే పవర్ సప్లైలు రెండు, నెట్‌వర్కు తీగలు గుచ్చే పోర్టులు. మధ్యలో వరసగా ఫ్యాన్లు. ముందునుంచి చల్లగాలి లాక్కుని వేడిగాలి వెనక్కి తోసేస్తాయి. ఆ ఫ్యాన్ల హోరు ఉంటుంది చూశారూ, కొత్తలో తలనొప్పి. తరవాత తరవాత అది లేకపోతే తలనొప్పి.

ఇంకో విచిత్రం ఉంది. సర్వరు కడుపులో ఇంకో బుల్లి కంప్యూటరు ఉంటుంది. దానికి వేరే పోర్టు, వేరే అడ్రసు. పెద్దది ఆగిపోయినా సరే, తీగలో కరెంటున్నంతసేపూ ఇది మేలుకునే ఉంటుంది. వేడెంతుంది, ఏ ఫ్యాను ఎలా తిరుగుతోంది, ఏ డిస్కు నీరసంగా ఉంది, ఏ పోర్టులో తీగ ఊడింది, అన్నీ ఇది చెబుతుంది. ఆసుపత్రిలో పేషెంటు పక్కన ఇంటివాళ్ళెవరో ఒకరు కూర్చుంటారు కదా. పేషెంటు నోరు విప్పలేకపోయినా, "రాత్రి అన్నం తినలేదండి, ఇప్పుడే కొంచెం కళ్ళు తెరిచాడండి" అని డాక్టరుగారికి వాళ్ళే చెబుతారు. ఇదీ అంతే. కొత్త సర్వరు వచ్చిందనుకోండి, ముందు ఈ బుల్లిదాని తీగ గుచ్చారో లేదో చూసుకోండి. చాలామంది గుచ్చరు. ఏదో ఒకనాడు పెద్దది పడిపోయాక దాన్ని వెతుక్కుంటారు.

అమలాపురంలో తీసిన స్కాన్లు లైను మీద మా సర్వరుకొచ్చేవి. రాజమండ్రిలో డాక్టరుగారు చూసి రిపోర్టిచ్చేవారు. అంటే అక్కడ ఎవరిదో తల, ఎవరిదో వెన్నుపూస, ఇక్కడ మా బీరువాలో ఉండేవన్నమాట. ఈ సంగతి గుర్తుంటే పని దానంతటదే వస్తుంది.

రెండూ పచ్చగానే ఉన్నాయండి

మా మేనేజరు వర్మ గారు. భీమవరం వైపు మనిషి. ఇంటి దగ్గర రొయ్యల చెరువులున్నా ఈ యంత్రాల మోజుతో ఉద్యోగానికొచ్చారు. వానాకాలం ఒక ఆదివారం ఊరంతా కరెంటు వస్తూ పోతూ ఉంది. ఆయన ఇంటి నుంచే మా సెక్యూరిటీ అతనికి ఫోన్ చేశారు.

"వెనకవైపుకెళ్ళి చూడవయ్యా. కరెంటు తీగలు గుచ్చినచోట రెండు లైట్లుంటాయి. ఏ రంగులో ఉన్నాయి?"

"రెండూ పచ్చగానే ఉన్నాయండి."

ఇంకేం, ఆయన భోంచేసి పడుకున్నారు.

మర్నాడు ఎలక్ట్రీషియను వచ్చి, రెండు కరెంటు లైన్లలో ఒకటి ఆపి యూపీయస్సు బాగుచేసుకుంటానన్నాడు. "ఆపుకో, రెండోది ఉందిగా" అన్నారు వర్మ గారు. అతను ఆపాడు. అంతే, రూములో హోరు ఆగిపోయింది. అలాంటి నిశ్శబ్దం మీరెప్పుడూ వినకూడదు. బయట ఓపీ కౌంటరు దగ్గర్నుంచి "ఏవండీ, ఏమైందండీ" అని కేకలు. లైను మళ్ళీ వేయించి వెనక్కెళ్ళి చూస్తే ఒక లైటు ఆకుపచ్చ, రెండోది పసుపుపచ్చ. పసుపుపచ్చ వెలిగిందంటే తేడా వచ్చినట్టు. అంటే రెండోది ముందే చచ్చిపోయిందన్నమాట.

సెక్యూరిటీ అతన్ని పిలిపించారు. "నిన్న చెప్పానండి. ఒకటి ఆకుపచ్చ, ఒకటి పసుపుపచ్చ. రెండూ పచ్చే కదండీ మరి?" అన్నాడు. మా అమ్మ కూడా పసుపు రాసిన గడపని పచ్చగా ఉందనేది, వరిచేనునీ పచ్చగా ఉందనేది. అతన్నేమంటాం? వర్మ గారికి కోపం రావాల్సింది, నవ్వొచ్చేసింది.

ఈ ముక్క బాగా రాయవే. యంత్రంలో ఏదైనా రెండేసి ఎందుకు పెడతారంటే ఒకటి పోయినా పని ఆగకూడదని. పని ఆగదు కాబట్టే ఒకటి పోయిందని ఎవరికీ తెలీదు. రెండున్నాయన్న ధైర్యంతో ఉంటాం, నిజానికి అక్కడుండేది ఒకటే. పవర్ సప్లై అయినా అంతే, నెట్‌వర్కు పోర్టులైనా అంతే. పని నడుస్తోందా అని చూడొద్దు. రెండూ ఉన్నాయా అని చూడండి.

ఆ మధ్యాన్నం ఈ కథంతా భ్రమరాంబ గారికి ఫోన్లో చెబితే ఆవిడ నవ్వీ నవ్వీ, "ఇకమీదట మనం పచ్చ అనొద్దండీ. ఆకు అనండి, పసుపు అనండి, సరిపోతుంది" అన్నారు. అప్పట్నుంచీ పొద్దున్నే ఆవిడ మొదటి మాట, "ఆకేనాండీ?" నా జవాబు, "ఆకేనండీ."

పొద్దుటి ఫోను

అప్పట్లో రోజూ పొద్దున్నే అమలాపురం నుంచి ఆవిడ ఒక ఉత్తుత్తి ఫొటో పంపేవారు. అది నాకు చేరిందంటే లైను బాగున్నట్టు. చేరిందని నేను ఫోన్లో చెప్పాలి. అసలు పని అంతవరకే, ఒక నిమిషంలో అయిపోతుంది. అయిపోయాక ఇద్దరిలో ఎవరూ పెట్టేసేవాళ్ళం కాదు.

"మీ దగ్గర వానుందాండీ?"

"లేదండీ, మబ్బు పట్టింది. మీ దగ్గర?"

"ఒకటే కురుస్తోందండీ. ఆరేసిన బట్టలన్నీ ఇంట్లో నా నెత్తి మీదే వేలాడుతున్నాయి. ఏం వండారేంటి?"

ఆవిడ పనసపొట్టు కూర ఎలా పోపు పెడతారో నాకు తెలుసు. పెద్దబ్బాయికి కోపమెక్కువని తెలుసు. అత్తగారు మంచాన పడ్డ రోజుల్లో ఆవిడ స్కానింగు రూములో కూర్చుని ఏడ్చింది తెలుసు. ఆవిడ మొహం మటుకు తెలీదు. నిజమేనే, ఒక్కసారి కూడా చూడలేదు. రాజమండ్రికీ అమలాపురానికీ ఏమంత దూరం? రావులపాలెం మీదుగా వెళ్తే పొద్దున్న బయల్దేరి మధ్యాన్నం భోజనానికి ఇంటికొచ్చెయ్యొచ్చు. కానీ మా ఇద్దరికీ ఒక రూలుండేది. లైనుకి ఇవతల నేను, అవతల ఆవిడ. ఇద్దరం ఒకేసారి సెలవు పెట్టకూడదు. వాళ్ళమ్మాయి పెళ్ళికి ఆవిడ సెలవు పెడితే లైను చూసే పనంతా నా నెత్తినే. మా అమ్మాయి పెళ్ళికి నేను సెలవు పెడితే ఆవిడ కుర్చీలోంచి కదల్లేదు. పెళ్ళివారి స్వీట్లు మాత్రం అంబులెన్సు డ్రైవరు చేతికిచ్చి పంపుకునేవాళ్ళం. అతను సగం దారిలో తినేసి, "దారి బాగోలేదండి, కుదుపులకి విరిగిపోయాయండి" అని చెప్పేవాడు. విరిగితే ముక్కలుండాలి కదా!

ఏం రాస్తున్నావే? పెళ్ళి సంగతులు కూడా రాసేస్తున్నావా? సరే, ఉంచు.

ఇన్నేళ్ళూ మేం మీరు, మీరు అనే పిలుచుకున్నాం. నువ్వు అనుకోలేదు. చూడకుండా నువ్వు అని ఎలా అంటాం?

దసరా పూజ

ఇప్పుడు చెప్పేది ముఖ్యం.

దసరాకి మా ఆసుపత్రిలో ఆయుధపూజ ఘనంగా చేసేవారు. అంబులెన్సులకీ, ఎక్స్‌రే మిషనుకీ, ఆఖరికి వీల్‌చైర్లకి కూడా బొట్లు పెట్టేవారు. వర్మ గారు మహా భక్తులు. సర్వరు రూములో పూజ స్వయంగా ఆయనే చేసేవారు. ఆ ఏడు ఒక్కో డిస్కుకీ విడివిడిగా గంధం, దాని మీద కుంకుమ పెట్టారు. ఆరోగ్యం లైటుకి ఇంకాస్త పెద్ద బొట్టు. కడియం నుంచి తెప్పించిన బంతిపూల దండ, బాగా లావాటిది, ర్యాకు ముందు ఈ చివర నుంచి ఆ చివరకి కట్టారు. కొబ్బరికాయ బయట కొట్టించారు, అంతవరకు నయం.

పూజలో పెట్టిన పనిముట్టుని ఆ రోజుకి ముట్టుకోకూడదు కదా. సర్వర్లు ఆపలేం. అందుకని ఆయన, బుల్లి కంప్యూటరు చెప్పేవి మేం చూసుకునే తెరకి బొట్టు పెట్టి దాన్ని ఆపేశారు. "ఈ పూటకి దీనికీ విశ్రాంతేనండి" అని వెళ్ళి కుర్చీలో కూర్చుని పులిహోర తిన్నారు. బీరువాకీ పని ఉంది, నాకూ డ్యూటీ ఉంది, చూసుకునే కన్నొకటే మూసేశారు. అప్పుడు నాక్కూడా ఏమీ తోచలేదు, పూజ కదా అనుకున్నాను.

మధ్యాన్నం భ్రమరాంబ గారు ఫోన్ చేశారు. కొబ్బరి దింపుతూ చెట్టు మీంచి పడిపోయిన ఒకాయన్ని తీసుకొచ్చారట. తలకి స్కాను తీసి పంపితే ఎంతకీ వెళ్ళడంలేదట.

"లైను బాగానే ఉందండీ, ఫొటో కదులుతోంది గాని నత్తలాగా కదులుతోంది. ఆకేనాండీ?"

ర్యాకు దగ్గరికెళ్ళి చూశాను. "ఎర్రగా ఉందండీ" అన్నాను.

"ఎరుపేంటండీ? మన దాంట్లో ఎరుపెక్కడిది?"

"బొట్టండీ. వర్మ గారు లైటు మీద బొట్టు పెట్టారు."

ఆవిడ అన్నారు, "ఏవండీ, మీ రూములో ఆ హోరేంటండీ? రోజూ ఇలా ఉండదే. ఏదో పిండిమర పక్కన నుంచుని మాట్లాడుతున్నట్టుంది."

అప్పుడు విన్నాను నేను. పొద్దుట్నుంచీ ఆ రూములోనే ఉన్నాను. హోరు కాస్త కాస్తగా పెరుగుతూ వచ్చింది కాబట్టి నా చెవికి ఆనలేదు. ఆవిడకి పొద్దుటి ఫోనులో విన్న హోరు గుర్తుంది, మధ్యాన్నం హోరు వినగానే తేడా తెలిసిపోయింది. దండ గాలికి అడ్డం పడింది. లోపల వేడెక్కిపోయి ఫ్యాన్లన్నీ ప్రాణం పెట్టి తిరుగుతున్నాయి.

"వర్మ గారూ, దండ తియ్యాలండీ."

"అయ్యయ్యో, ఉద్వాసన చెప్పకుండా తియ్యకూడదండీ. రేపు పొద్దున్న చెబుతాను."

ఫోను నా చేతిలోనే ఉంది. భ్రమరాంబ గారికి అంతా వినిపిస్తోంది. "ఆయనకివ్వండీ ఫోను" అన్నారు. ఇచ్చాను. ఆవిడ గొంతు నాకు కూడా వినబడేంత గట్టిగా వచ్చింది. "బాబుగారూ, నమస్కారమండీ. ఇక్కడ బల్ల మీద ఒక మనిషి పడుకునున్నాడండీ. ఆయన పెళ్ళాం నా కాళ్ళ దగ్గర కూర్చుంది. ఉద్వాసన ఇప్పుడే చెప్పేసుకోండి, అమ్మవారు ఏమీ అనుకోదు."

వర్మ గారు పులిహోర చెయ్యి తుడుచుకుని, కళ్ళు మూసుకుని గబగబా ఉద్వాసన చెప్పేశారు. ఆయనే దండ లాగేశారు. నేను తడిగుడ్డతో బొట్లు తుడిచాను. ఒక డిస్కు మీద గంధం ఊడొచ్చేసరికి కింద పసుపు లైటు. ఆరోగ్యం లైటూ పసుపే. ఆ వేడికి ఒక డిస్కు పోయింది, దాని పని మిగిలినవి పంచుకుని ఈదుతున్నాయి. ఫొటోలు నత్తల్లా కదిలింది అందుకే. ఇంకొకటి కూడా పోతే బీరువాలో ఉన్నవాళ్ళందరి తలలూ, వెన్నుపూసలూ పోయేవి. కాపీ ఉంది గాని అది పాతది.

బీరువా చల్లబడింది. కొత్త డిస్కు పెట్టాం. కొబ్బరిచెట్టు ఆయన స్కాను వచ్చింది, డాక్టరుగారు చూశారు, ఆపరేషనుకి ఇక్కడికే తీసుకొచ్చారు. లేచి తిరుగుతున్నాడనీ, చెట్టెక్కడం మటుకు మానేశాడనీ తరవాతెప్పుడో భ్రమరాంబ గారే చెప్పారు.

పూజ చెయ్యొద్దని నేననను పిల్లలూ. చేసుకోండి. దండ వెనకవైపు గోడకి కట్టండి. బొట్టు ర్యాకు నుదుటిమీద పెట్టండి, కళ్ళల్లో పెట్టకండి.

వర్మ గారు

ఆయన మీద చాడీలు చెబుతున్నాననుకోకండి. నాకు పని నేర్పింది ఆయనే. కొత్తలో నేను వెళ్ళి "వేడి ఇంత ఉందండీ" అంటే, "నిన్న ఎంతుందండీ?" అనేవారు. నాకు తెలిసేది కాదు. "నిన్నటిది తెలీకుండా ఇవాళ్టిది నాకెందుకు చెబుతున్నారు?" అనేవారు. ముందు కోపమొచ్చేది. తరవాత అర్థమైంది. ఏ అంకెకీ దానంతట దానికి అర్థం లేదు. రోజూ ఎలా ఉంటుందో తెలిసినవాడికే ఇవాళ తేడాగా ఉందని తెలుస్తుంది. మీకు తెర మీద వంద గీతలు కనిపిస్తాయి. అన్నీ బాగున్న రోజున వాటిని తీరిగ్గా చూడండి. పాడయిన రోజున చూస్తే ఏమీ తెలీదు.

ఆయనకి ఒకటే లోటు. మనుషులు మాట్లాడుకుంటే అది పని కాదనుకునేవారు. నేను ఫోన్లో నవ్వుతుంటే అద్దంలోంచి చూసి గడియారం చూపించేవారు. దసరా తరవాత కొన్నాళ్ళు చూపించలేదు. తరవాత మళ్ళీ మొదలు.

మెయిళ్ళొచ్చాక

ఆయనే ఒకరోజు కొత్త ఏర్పాటు తెచ్చారు. బుల్లి కంప్యూటరు చెప్పేవన్నీ, లైను సంగతులన్నీ కలిపి ఒక ప్రోగ్రాము చూస్తుంది. ఏదైనా తేడా వస్తే మెయిలు పంపుతుంది. చాలా మంచిది, ఆ మాట ఒప్పుకోవాలి. నా కళ్ళకి ఎప్పటికీ కనపడనివి అది కనిపెట్టింది. ఒక నెట్‌వర్కు తీగ కుర్చీకాలి కింద నలిగి, పని చేస్తూనే వేగం పడిపోతే, అదే పట్టుకుంది.

"ఇంక పొద్దుటి ఫోను అక్కర్లేదండీ" అన్నారు వర్మ గారు. "అమలాపురం లైను కూడా ఇదే చూస్తుంది."

మర్నాడు పొద్దున్న వెళ్ళి కూర్చున్నాను. ఆ వేళకి ఫోను మోగలేదు. తెర మీద అమలాపురం పేరు పక్కన ఆకుపచ్చ చుక్క. అంతా బాగుంది. అక్కడ వానుందో లేదో ఆ చుక్క చెప్పలేదు.

నేను చేసి ఉండొచ్చు. కానీ ఏమని చెయ్యను? మేమెప్పుడూ పని ఉండే ఫోన్ చేసుకున్నాం, పని అయ్యాక మాట్లాడుకున్నాం. పని లేకుండా చేస్తే ఆవిడ ఏమైందోనని గాబరా పడతారు. ఎప్పుడైనా లైను పోతే నాకు లోపల్లోపల సంతోషం వేసేది. ఇది రాయకు. పోనీ, రాయి. లైను పోతే ఇద్దరం గబగబా ఫోన్ చేసుకునేవాళ్ళం, అది వచ్చేదాకా మాట్లాడుకునేవాళ్ళం. తరవాత తరవాత లైన్లు కూడా పోవడం మానేశాయి.

నేను రిటైరయ్యాక సర్వర్లన్నీ తీసేసి ఎక్కడో పెద్ద డేటా సెంటరుకి మార్చేశారట. అమలాపురం బ్రాంచి ఇంకెవరికో అమ్మేశారు. మొన్న షుగరు పరీక్షకి వెళ్ళినప్పుడు ఆ రూము తలుపు తోసి చూశాను. దుప్పట్లు, దిళ్ళు పేర్చుకున్నారు. ఉక్కపోతగా ఉంది. గోడకి ర్యాకు బిగించిన బోల్టుల కన్నాలున్నాయి. అక్కడ నుంచుంటే చెవులు గుయ్యిమన్నాయి. అక్కడ హోరు లేదు, నా చెవులే దాన్ని తెచ్చుకున్నాయి. నర్సమ్మ వచ్చి "ఎవరు కావాలండీ?" అంది. ఎవరని చెప్పను?

సరే, అది పక్కన పెట్టి మీకు పనికొచ్చే ముక్క చెబుతాను. మెయిళ్ళ విషయంలో రెండు చిక్కులున్నాయి. ప్రతి చిన్నదానికీ మెయిలొచ్చేలా పెడితే జనం చదవడం మానేస్తారు, అందులో అసలుది కొట్టుకుపోతుంది. రెండోది ఇంకా ప్రమాదం. ఒకసారి రోజుల తరబడి ఒక్క మెయిలూ రాలేదు. అబ్బ, ఎంత బాగుందో అనుకున్నాం. చూస్తే మెయిలు పంపే ప్రోగ్రామే ఆగిపోయింది. తేడా వస్తే చెప్పమని పెట్టడం చాలదు. నేను బతికే ఉన్నానని అప్పుడప్పుడు చెప్పేలా కూడా పెట్టండి. కబురు రాలేదంటే అంతా బాగున్నట్టు కాదు. చెప్పేవాళ్ళకి ఏమైందో ఏమో...

ఊరికే

ఇక్కడ హారిక టైపు చెయ్యడం ఆపేసింది.

"ఏమే?"

"అమ్మమ్మా, ఇప్పుడేం చెప్పావు?"

"మెయిళ్ళ గురించి చెప్పాను."

"కబురు రాలేదంటే బాగున్నట్టు కాదన్నావు. భ్రమరాంబ గారి దగ్గర్నుంచి కబురొచ్చి ఎన్నాళ్ళయింది?"

"అది వేరు, ఇది వేరు."

"ఆవిడకి ఒంట్లో ఎలా ఉందో నీకు తెలుసా?"

తెలీదు. ఆవిడ అలాగే ఉంటారని, అక్కడే స్కానింగు రూములో కూర్చుని ఉంటారని అనుకుంటున్నాను ఇన్నాళ్ళూ. ఆవిడకి మటుకు వయసు రాదా? ఈ పిల్ల నా ఫోను తీసి చేతిలో పెట్టింది. నెంబరు చెప్పాను. అదే నొక్కింది.

మోగుతోంది. ఎత్తరేమో అనుకున్నాను. ఎత్తారు.

"హలో, ఎవరండీ?"

అదే గొంతు. కాస్త బొంగురుపోయింది.

"నేనండీ. రాజమండ్రి."

ఆవిడ గాబరాగా, "ఏమైందండీ?"

"ఏం కాలేదండీ."

"మరి?"

"ఊరికేనండీ."

"ఊరికేనా?"

"ఊరికేనండీ."

ఆవిడ ముక్కు ఎగబీల్చిన చప్పుడు వినబడింది. "ఇన్నేళ్ళలో ఒక్కసారీ ఊరికే చెయ్యలేదండీ మనం. నేనూ చేద్దామనుకునేదాన్ని. ఏమని చెయ్యను చెప్పండీ? మీ బీరువానే తీసేశారంట కదా."

మోకాళ్ళ నొప్పులట. పెద్దబ్బాయి కోపం తగ్గిందట, వాడి కొడుకుకి వచ్చిందట. చెప్పుకుంటూ చెప్పుకుంటూ మధ్యలో ఆగి, "ఒకటడగనాండీ? మీరు పొడుగా, పొట్టా?" అన్నారు.

"పొట్టండీ."

"అయ్యో! నేను పొడుగనుకున్నానండీ ఇన్నాళ్ళూ. పొడుగ్గా, ఒళ్ళు చేసి, పెద్ద ముడి వేసుకుని."

"లేదండీ, బక్కగా ఉంటాను. కళ్ళజోడు. మీరో?"

"నేను చెప్పను. వచ్చి చూడండి."

లక్ష్మివారం రావులపాలెంలో కలుద్దామనుకున్నాం. ఆవిడకీ అటూ ఇటూ సమానం, నాకూ సమానం. హారిక పక్కనుంచి, "వీడియో కాల్ చెయ్యనా అమ్మమ్మా, ఇప్పుడే చూసేసుకోవచ్చు" అంది. ఆవిడకది వినపడి, "వద్దమ్మా, వద్దు! ఫోన్లో చూసేస్తే ఇంక బస్సెందుకు?" అన్నారు. నేనూ వద్దన్నాను.

అంతలో నాకే అనుమానం వచ్చింది. రావులపాలెం అంటే అరటి గెలల లారీలూ, దిగేవాళ్ళూ ఎక్కేవాళ్ళూ, ఎంత జనం. "మరి ఎలా గుర్తుపడతామండీ?"

"ఏముందండీ. బస్సు దిగాక మాట్లాడుతూ నడవండి. నేను గుర్తుపట్టేస్తాను."

"ఎవరితో మాట్లాడను?"

"ఎవరితోనైనా. మీకదేం కష్టమా?"

హారిక కింద పడి నవ్వుతోంది. ఇంక చాలు తల్లీ, ఆపెయ్. ఆఖరున మీ బ్యాచి వాళ్ళకి ఒక్క ముక్క రాసి పెట్టు. లక్ష్మివారం పొద్దున్న రావులపాలెం బస్టాండులో, పొట్టిగా, కళ్ళజోడు పెట్టుకున్న ఒక ముసలావిడ తనలో తనే గట్టిగా మాట్లాడుకుంటూ తిరుగుతుంటే, పిచ్చిదనుకుని పక్కకి తప్పుకోకండి. కాసేపు అక్కడే నుంచుని చూడండి. జనంలోంచి ఇంకొకావిడ జవాబిస్తూ వస్తుంది.